సవరణ: డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 ర్యామ్ పట్టదు

డీడీఆర్4, డీడీఆర్5 అంటే డెస్క్‌టాప్ కంప్యూటర్ ర్యామ్ (మెమరీ)లో పాత, కొత్త తరాలు. రెండింటికీ 288 పిన్నులే కాబట్టి డీడీఆర్4 మదర్‌బోర్డులో డీడీఆర్5 ర్యామ్ కూడా పెట్టుకోవచ్చని మొన్న రాశాను, అది తప్పు. నిన్న నల్లగొండలో మా తమ్ముడి సీపీయూ విప్పి రెండు ర్యాములూ పక్కపక్కన పెట్టి చూస్తే, కింద అంచులో ఉండే గాటు ఒకదానికి ఒకచోట, ఇంకోదానికి కొంచెం పక్కన ఉంది. స్లాటులో కూర్చోనే కూర్చోదు. వోల్టేజీ కూడా వేరే, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1. దయచేసి బలవంతంగా నొక్కకండి, స్లాటు పగిలితే బోర్డే మార్చాల్సి వస్తుంది. నా మాట నమ్మి ఎవరైనా ఆర్డర్ పెట్టి ఉంటే ప్యాకెట్ విప్పకుండా వెంటనే వాపసు ఇచ్చేయండి. 2666, 3200 వేగాల డీడీఆర్4 ర్యాములు కలిపితే రెండూ తక్కువ వేగమైన 2666కే దిగుతాయని రాసిన మాటలో మాత్రం మార్పు లేదు.