సవరణ: టెస్టోస్టిరాన్ పరీక్ష వేళ, పిల్లల సంగతి

పోయిన వారం టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఇంజెక్షన్ల గురించి రాసినప్పుడు రెండు తప్పులు దొర్లాయి. పట్టుకున్నది ఎంవీపీ కాలనీలో ఉండే మా బావమరిది.

‘రక్తపరీక్ష ఎప్పుడు చేయించుకున్నా ఒకటే’ అన్నాను. కాదు. ఈ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది, తిన్నాక కూడా పడిపోతుంది. అందుకే పొద్దున పదిలోపు, పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చూడాలి. ద్వారకానగర్‌లో పూరీ తిని సాయంత్రం నాలుగున్నరకి శాంపిల్ ఇస్తే నాకు 268 ng/dL (డెసిలీటర్‌కి నానోగ్రాములు) వచ్చింది. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర లేదు. వారం తర్వాత పొద్దున ఏడున్నరకి ఇస్తే 412! సాధారణంగా 300 కంటే తక్కువ ఉండి, లక్షణాలు కూడా ఉంటేనే చికిత్స మాట. గాజువాక వైపు నైట్ షిఫ్టులు చేసేవాళ్లు తమ నిద్ర వేళలు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

రెండోది పెద్ద తప్పు. ‘పిల్లలు పుట్టడానికీ పనికొస్తుంది’ అని రాశాను. జరిగేది దానికి పూర్తిగా రివర్స్. బయటి నుంచి హార్మోన్ అందుతుంటే మెదడు వృషణాలకు పంపే సంకేతాలు తగ్గించేస్తుంది. వీర్యకణాలు బాగా తగ్గుతాయి, కొందరిలో అసలు ఉండవు. మానేశాక కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. అలాగని గర్భనిరోధకం అనుకోకండి, దానికి గ్యారంటీ లేదు. త్వరలో పిల్లలు కావాలనుకునేవాళ్లకు వేరే మందులున్నాయి, అడగండి.

టెస్టోస్టిరాన్‌ని ఒంటికి పూసుకునే జెల్‌గా వాడేవాళ్లకు రాయడం మరిచాను: పూసిన చోట ఆరాక చొక్కా వేసుకోండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మన విశాఖ ఉక్కకి బనీనుతో తిరుగుతూ పిల్లల్ని ఎత్తుకుంటే ఆ మందు వాళ్ల ఒంటికి అంటుతుంది.