సీటు అమ్మి సేవ చేయమంటే ఎలా?

మా మండల కేంద్రంలో ముప్పై పడకల ఆసుపత్రి ఉంది. అందులో ఆపరేషన్ థియేటర్ కూడా ఉంది. పోయిన వేసవిలో మా బంధువుల అమ్మాయికి పురిటి నొప్పులొస్తే అక్కడికే తీసుకెళ్లాం. థియేటర్‌లో లైటుకు చుట్టిన ప్లాస్టిక్ కవర్ ఇంకా తీయలేదు. నర్సమ్మ మా మొహాలు చూసి, "మత్తు డాక్టర్ లేడండీ, ఆపరేషన్ అవసరమైతే ఇక్కడ కుదరదు, ఆలస్యం చేయకుండా బయల్దేరండి" అంది. 108లో జిల్లా కేంద్రానికి గంటన్నర పట్టింది. దారిలో గుంత వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల మా చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మా ఊరి కుర్రాడొకడు హైదరాబాద్‌లో డ్యూటీ డాక్టర్. ఎంబీబీఎస్ బీ కేటగిరీలో, అంటే ప్రైవేటు కాలేజీలో ఎక్కువ ఫీజు కట్టే సీటులో చదివాడు. వాళ్ల నాన్న కాలువ కింద రెండెకరాలు అమ్మి, చాలని దానికి అప్పు తెచ్చాడు. ఇప్పుడు నైట్ డ్యూటీలు చేస్తే నెలకు యాభై వేలు వస్తున్నాయి. ఊళ్లోనే ఉండి చూడొచ్చు కదరా అని నేనే అడిగాను. "వడ్డీ ఎవరు కడతారు బాబాయ్?" అన్నాడు.

యువ డాక్టర్లకు సేవాభావం తగ్గిపోయిందని మంత్రులు వేదికలెక్కి చెబుతూనే ఉంటారు. ఆ మాట ఇక ఆపాలి. ఆసుపత్రిలో మత్తు డాక్టర్ కుర్చీ ఖాళీగా ఉండటానికి కారణం కాలేజీ ఫీజు కౌంటర్ దగ్గర ఉంది.

లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో బీ కేటగిరీ ఫీజు 2020లో ఏడాదికి 12 లక్షలుగా పెట్టారు. అయిదేళ్లకు 60 లక్షలు. హాస్టలు, పుస్తకాలు దీనికి అదనం. విద్యా రుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఇల్లో పొలమో తాకట్టు పెట్టమంటాయి. 60 లక్షల మీద పది శాతం వడ్డీ అంటే ఏడాదికి 6 లక్షలు, నెలకు యాభై వేలు. సరిగ్గా ఆ కుర్రాడి జీతం. అసలులో ఒక్క రూపాయి తీరకుండానే నెల గడిచిపోతుంది.

పైగా చదువు అక్కడితో ఆగదు. ఈ రోజుల్లో ఉత్త ఎంబీబీఎస్ బోర్డు పెడితే మెట్లెక్కే వాళ్లు తక్కువ. "ఎండీనా? ఎంఎస్సా?" అని అడిగి మరీ వెళ్తున్నారు. పీజీ సీటు కన్వీనర్ కోటాలో, అంటే తక్కువ ఫీజు సీట్లలో రాకపోతే మళ్లీ లక్షలే. హౌస్ సర్జన్ చేసే ఏడాదైనా చేతికి నాలుగు డబ్బులొస్తాయా అంటే అదీ లేదు. ఈ హౌస్ సర్జన్లకు (ఇంటర్న్‌లకు) 70 శాతం వైద్య కళాశాలలు అసలు స్టైపెండ్ ఇవ్వడం లేదనో, కనీస మొత్తం కన్నా తక్కువ ఇస్తున్నాయనో 2023లో సుప్రీంకోర్టు ముందు లెక్క పెట్టారు. ముప్పై ఆరు గంటల డ్యూటీ చేసిన పిల్లలు మెస్ బిల్లుకు ఇంటికి ఫోన్ చేస్తున్నారు.

చివరికి ఆ అప్పు తీర్చేది రోగే. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. పీజీ అయ్యాక పట్నంలో క్లినిక్ పెట్టిన కొత్త డాక్టర్ దగ్గరికి కేసులు వాటంతట అవి రావు. ఊళ్లో ఆర్‌ఎంపీ పంపాలి. పంపినందుకు అతనికి కమీషన్ ఇవ్వాలి. ఆ కమీషన్ స్కానింగ్‌లోనో రక్తపరీక్షల్లోనో రాబట్టాలి. మొదటి ఏడాది ఇష్టం లేకుండా చేసిన పని మూడో ఏడాదికి అలవాటైపోతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్క ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81.5 శాతం. ఈ కోతలన్నీ అప్పుల వల్లే అని అనను. ముహూర్తాల పిచ్చి ఉంది, నొప్పుల భయం ఉంది. అయినా నెల నెలా కిస్తీ కట్టాల్సిన డాక్టర్, నార్మల్ కాన్పు కోసం పన్నెండు గంటలు ఓపిగ్గా కూర్చోవాలంటే మనసు ఎంత గట్టిదై ఉండాలి?

ప్రైవేటు కాలేజీలను తిట్టి ఊరుకుందామంటే అదీ కుదరదు. ఫీజును ఏడాదికి 24 లక్షలకు, అంటే అంతకుముందున్న దానికి ఏడు రెట్లకు పెంచుతూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో ఇచ్చిన ఉత్తర్వు చెల్లదని సుప్రీంకోర్టు 2022 నవంబరులో తేల్చింది. చదువు లాభాల వ్యాపారం కాదని, ఫీజు ఎప్పుడూ అందుబాటులో ఉండాలని స్పష్టంగా చెప్పింది. ఏడాది తిరక్కముందే రాష్ట్ర ప్రభుత్వం ఏం చేసింది? విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో ప్రజల సొమ్ముతో కట్టిన కొత్త ప్రభుత్వ కాలేజీల్లోనే సగం సీట్లను ఏడాదికి 12 లక్షలకు, 20 లక్షలకు అమ్మకానికి పెడుతూ జీవోలు ఇచ్చింది. ఆ జీవోలు రద్దు చేస్తామని ఎన్నికల ముందు చెప్పిన వాళ్లు 2024లో అధికారంలోకి వచ్చారు. రద్దు చేయకపోగా 2025లో మరో పది కాలేజీలను పీపీపీకి, అంటే ప్రైవేటు భాగస్వామ్యానికి ఇవ్వాలని నిర్ణయించారు. సర్కారు కాలేజీకే రేటు కట్టాక, ఆ కాలేజీలో చదివిన పిల్లాడిని మన్యంలో పాడేరు వెళ్లమని ఏ నోటితో చెబుతారు?

సీట్లు పెరిగితే డాక్టర్లు పెరుగుతారని, ఖజానాలో డబ్బు లేనప్పుడు పీపీపీ తప్పదని అవతలి వాదన. సీట్లు పెరిగాయి, నిజమే. దేశంలో 2014లో 51 వేల చిల్లర ఉన్న ఎంబీబీఎస్ సీట్లు 2024 చివరికి 1.18 లక్షలు దాటాయి. అయినా గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో, అంటే మా మండలంలో ఉన్నలాంటి ముప్పై పడకల ఆసుపత్రుల్లో, స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతం దగ్గరే ఉందని కేంద్రం లెక్కలే చెబుతున్నాయి. పెరిగిన డాక్టర్లు ఎటు పోయారో ఏ పట్నంలోనైనా ఆసుపత్రుల వీధికి వెళ్తే తెలుస్తుంది.

తమిళనాడును చూడండి. పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) పనిచేసే డాక్టర్లకు పీజీ సీట్లలో సగం వాటా కోసం వాళ్లు కోర్టుల్లో ఏళ్ల తరబడి పోరాడారు. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ అధికారం రాష్ట్రాలదేనంది. అదే ఏడాది ప్రభుత్వ బడి పిల్లలకు ఎంబీబీఎస్‌లో 7.5 శాతం సీట్లు కేటాయించి, ప్రైవేటు కాలేజీలో సీటొచ్చినా ఫీజు తామే కడతామన్నారు. పల్లెలో పనిచేస్తే పైచదువు దొరుకుతుందంటే ఎవరు వెళ్లరు? మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ఆ వాటాకే, అంటే ఇన్‌సర్వీస్ కోటాకే కోత పెట్టబోతే, 2025 దసరా రోజుల్లో పీహెచ్‌సీ డాక్టర్లు ఓపీలు వదిలి రోడ్డెక్కాల్సి వచ్చింది.

ఇది డాక్టర్ల గోడే అనుకోకండి. పల్లె నుంచి సొమ్ము ఎలా తరలిపోతోందో ఒక్కసారి గమనించండి. ఇంటర్ బైపీసీ హాస్టలు ఫీజు పట్నానికే. నీట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ పట్నానికే. ఆ తర్వాత పొలం అమ్మిన డబ్బు సీటుకు. అదే ఊళ్లో ఎవరికైనా గుండెనొప్పి వస్తే వాళ్ల పొలం అమ్మిన డబ్బూ పట్నంలో ఆసుపత్రి బిల్లుకే. ప్రభుత్వం ఒక్కో బాధ్యత నుంచి తప్పుకున్న కొద్దీ ఒక్కో ఎకరం కరిగిపోతోంది. డాక్టర్‌ని చదివించింది ఊరి మట్టే, డాక్టర్ లేక గంటన్నర దూరం పరుగెత్తేదీ ఆ ఊరే.

పల్లెలో పనిచేస్తామని రాయించుకునే బాండ్లతో, తప్పితే వేసే జరిమానాలతో ఇది తీరదు. ఉన్నవాళ్లు జరిమానా కట్టి వెళ్లిపోతారు, లేనివాళ్లే దొరికిపోతారు. సామాజిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసినంత కాలం ఆ డాక్టర్ విద్యా రుణం కిస్తీలు ప్రభుత్వమే కట్టాలి. అయిదేళ్లు ఉంటే మొత్తం అప్పు తీర్చేయాలి. ప్రభుత్వ కాలేజీల్లో సీట్లమ్మే జీవోలు రద్దు కావాలి. ఇన్‌సర్వీస్ కోటా తగ్గించడం కాదు, పెంచాలి. ఖర్చవుతుంది, అవ్వాలి కూడా. ఈ ఖర్చు ఇప్పటిదాకా రోగుల ఇళ్లలోంచి వెళ్తోంది.

మా ఊరి కుర్రాడు ఈసారి నీట్ పీజీ రాస్తున్నాడు. ర్యాంకు సరిగా రాకపోతే ఏం చేయాలో తెలియక వాళ్ల నాన్న, బోరు కింద మిగిలిన ఎకరంన్నర ఎంత పలుకుతుందో అప్పుడే ఒకరిద్దరిని అడిగి పెట్టుకున్నాడు.