పిడికెడు మట్టి కూడా వదలరా?

మా వీధిలో ఇంకో పాత ఇల్లు నేలమట్టమైంది. జామచెట్టు ఉన్న పెరడు పోయి, స్టిల్ట్ ప్లస్ ఐదు (కింద పార్కింగ్, పైన ఐదంతస్తులు) లేస్తోంది. లేవనివ్వండి, అపార్ట్‌మెంట్లతో నాకు పేచీ లేదు. హైదరాబాద్ శంకర్‌పల్లి దాకా పొలాలు మింగుతూ పాకడం కన్నా పైకి పెరగడమే నయం. నా బాధల్లా కింద మిగిలిన జాగా గురించి. సెట్‌బ్యాక్ అని, అంటే బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ అని, ప్లాన్‌లో చూపించిన చోట ప్రహరీ దాకా టైల్స్ పరిచేస్తారు. ఎందుకయ్యా అంటే, "మట్టి ఉంటే లిఫ్టు ఖరాబవుతది సార్" అంటాడు మేస్త్రి!

వాన నీళ్లు ఇంకేలా చూడాలని వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం 2002 నుంచీ చెబుతూనే ఉంది. మా బిల్డింగ్‌లోనూ ఇంకుడు గుంత ఉందండోయ్. మూత తీసి చూశా: సిమెంటు సంచులు, పగిలిన టైల్ ముక్కలు, ఓ పాత కమోడ్. గంట వాన పడితే నీళ్లన్నీ ర్యాంపు దిగి రోడ్డెక్కి, పక్కవాళ్ల సెల్లార్‌లోకి. మార్చి వచ్చిందా, బోరు గాలి కక్కుతుంది. ట్యాంకర్ కోసం గ్రూపులో కొట్లాట.

అయినా గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల్ని కాపాడ్డానికి చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలపై 1996లో పెట్టిన 111 జీవో ఆంక్షల్నే ఎత్తేస్తూ 2022లో ఇంకో జీవో ఇచ్చారు, మన గుంత ఎవడిక్కావాలి?

మొన్న మీటింగ్‌లో పూడిక తీయిద్దామన్నా. ఫండ్స్ లేవన్నారు. గేటుకి రంగుల లైట్లు మాత్రం పాసయ్యాయి, ఏకగ్రీవంగా.