మహారాజశ్రీ ప్లేట్‌లెట్ కౌంటు గారి సముఖానికి

అయ్యా,

వానలు పడి కుండీల్లో, కూలర్లలో, పాత టైర్లలో నీళ్లు నిలిచాయంటే హైదరాబాద్‌లో మీ దర్బారు మొదలైనట్టే. డెంగీ పేషెంటును "ఎట్లున్నవ్?" అని అడిగేవాడు లేడు, "కౌంట్ ఎంతొచ్చింది?" అన్నదే పలకరింపు. నిన్న 1,42,000, ఇవాళ 1,38,000 అనేసరికి ఇంటిల్లిపాదికీ గుండె జారుతుంది. అంత తేడా మిషన్ లెక్కలో మామూలేనని మీరు మాత్రం నోరు విప్పరు.

మీ పుణ్యమా అని బొప్పాయి కాయకంటే ఆకుకే గిరాకీ. మేకపాలకు మర్యాద పెరిగింది. డ్రాగన్ ఫ్రూట్ సంగతి సరేసరి. జ్వరం తగ్గాక రెండు మూడు రోజులకు మీరు ఎలాగూ మీ అంతట మీరే లేస్తారు. ఆ పూట నోట్లో ఏది పడితే పేరు దానిది!

ఇంతకీ మీరు ఉత్త అంకె. గాయమైతే రక్తం ఆపే అసలు చాకిరీ చేసే ప్లేట్‌లెట్ల ఊసు ఎవరికీ పట్టదు. నల్లి బొక్కను కంచానికి కొట్టి మూలుగ రాబట్టే ఊరికి వాళ్ల పుట్టిల్లు ఎక్కడో చెప్పడం తేలికే. ఆ మూలుగలోనే మెగాకారియోసైట్ అనే భారీ కణం ఉంటుంది. తాను చీలకుండా డీఎన్ఏను మాత్రం రెట్టింపు మీద రెట్టింపు చేసుకుని, రక్తనాళం గోడ సందుల్లోంచి సన్నటి తోకలు చాస్తుంది. రక్తం ఒరవడికి అవి కారప్పూసలా తునిగితే ప్లేట్‌లెట్లు. ఒక్కో కణం నుంచి వెయ్యి నుంచి మూడు వేలు, రోజుకు మొత్తం పది వేల కోట్లు. కేంద్రకం లేదు, అడ్డంగా రెండు మూడు మైక్రాన్లు, ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. మూడో వంతు మంది ప్లీహంలో మకాం. వాళ్లను మీరు లెక్కలోకే తీసుకోరు.

ఆర్డరు పెట్టేది ఆకు కాదు, కాలేయం. అది థ్రాంబోపొయిటిన్ అనే హార్మోన్‌ను దాదాపు ఒకే తీరున వదులుతూ ఉంటుంది, ప్లేట్‌లెట్లు దాన్ని పీల్చేస్తుంటాయి. అవి తగ్గితే మిగిలిన హార్మోన్ మూలుగను చేరి పని పెంచుతుంది.

నాళం గోడ చిరిగి అందులోని పీచులాంటి కొల్లాజెన్ బయటపడగానే దానికి వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే జిగురులాంటి రక్తప్రొటీన్ అంటుకుంటుంది. దాన్ని పట్టుకుని ప్లేట్‌లెట్ ఆగుతుంది. బిళ్లలా ఉన్నది చేతులు చాస్తుంది, సంచుల్లోని ఏడీపీ, కాల్షియం గుమ్మరిస్తుంది, థ్రాంబాక్సేన్ అనే రసాయనంతో పక్కవాళ్లను కేకేస్తుంది. ఆపైన ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ వాటిని ఒకదానికొకటి ముడివేస్తుంది. అదే ఆస్పిరిన్ మింగితే థ్రాంబాక్సేన్ చేసే ఎంజైమ్ చచ్చుబడుతుంది. కేంద్రకం లేదు కాబట్టి కొత్తది చేసుకోలేదు, ఇక బతికినన్నాళ్లూ ఆ కేక లేదు. అప్పుడు కూడా మీరు దర్జాగా 2,00,000 అనే చూపిస్తారు! డెంగీ జ్వరానికి పారాసిటమాలే గానీ ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వద్దనేది అందుకే.

పైగా అబద్ధాలు కూడా ఆడతారు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏకు కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. మిషన్ ఆ గుంపును ప్లేట్‌లెట్‌గా గుర్తించదు, మీరు 30,000కు పడిపోతారు. మనిషి మాత్రం గుండ్రాయిలా ఉంటాడు. స్లయిడ్ మీద చూస్తే బండారం బయటపడుతుంది. లేదా నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి.

ఇక అర్ధరాత్రి వాట్సాప్‌లో "ఎస్‌డీపీ అర్జెంట్". అంటే ఒక్క దాత నుంచే మిషన్‌తో తీసే ప్లేట్‌లెట్ల సంచి. దాత గంట, గంటన్నర మిషన్ పక్కన పడుకోవాలి. ఆ సంచి పెద్దవాళ్లలో మిమ్మల్ని 30,000 నుంచి 60,000 దాకా లేపాలి, కానీ డెంగీలో ఎక్కించినవీ తొందరగానే కరిగిపోతాయి. ఫ్రిజ్‌లో దాచుకుందామన్నా కుదరదు. 20–24 డిగ్రీల్లో ఊపుతూనే ఉంచాలి, అదీ ఐదు రోజులే. రక్తస్రావం లేనివాళ్లకు 10,000 దిగువకు పోతే తప్ప సాధారణంగా ఆ సంచి పనే లేదు.

అసలు ప్రమాదం మీ వరుసలో లేదు. జ్వరం తగ్గే వేళకు, ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేటప్పుడే, నాళాల్లోంచి ప్లాస్మా కారి రక్తం చిక్కబడుతుంది. రక్తంలో ఎర్రకణాల వంతు నూటికి ఎంతో చెప్పే హిమటోక్రిట్ 40 నుంచి 48కి ఎక్కిందంటే, కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత కనబడ్డాయంటే, మీరు 80,000 చూపిస్తున్నా సరే, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఆ అంకె అదే కాగితంపై ఉంటుంది, దానికి వేరే రుసుము కూడా లేదు. రేపటి రిపోర్టులో తమరు కాస్త పక్కకు జరిగితే జనం దాన్ని కూడా చూస్తారు.

ఇట్లు,
మీ పై వరుసలో ఎవరూ చదవని
హిమటోక్రిట్ తరఫున