సవరణ: షేన్ స్మిత్‌ను షార్లట్‌కు పంపే వీలే లేదు

అమెరికా బేస్‌బాల్ జట్టు చికాగో వైట్ సాక్స్ 2025 సీజన్ గురించి రాసిన పోస్టులో, "పిచర్ షేన్ స్మిత్‌ను కొన్నాళ్లు ట్రిపుల్-ఏ షార్లట్‌కు (మేజర్ లీగ్‌కు ఒక మెట్టు కింద ఆడే వైట్ సాక్స్ అనుబంధ జట్టు) పంపాల్సింది" అన్న అభిమానుల వాదనను సమర్థించాను. అది తప్పు.

స్మిత్‌ను వైట్ సాక్స్ 2024 డిసెంబర్ రూల్ 5 డ్రాఫ్ట్‌లో (ఇతర జట్ల మైనర్ లీగ్ ఆటగాళ్లను తీసుకునే ఎంపిక ప్రక్రియలో) మొదటి ఎంపికగా మిల్వాకీ బ్రూవర్స్ నుంచి తీసుకుంది. అలా తీసుకున్న ఆటగాడికి జట్టు లక్ష డాలర్లు కడుతుంది, సీజన్ మొత్తం మేజర్ లీగ్‌లోనే ఉంచుకోవాలి. మైనర్స్‌కు (కింది స్థాయి లీగ్‌లకు) పంపాలంటే ముందు వేవర్స్‌లో పెట్టాలి, అంటే మిగతా జట్లకు అతన్ని తీసుకునే అవకాశం ఇవ్వాలి. ఎవరూ తీసుకోకపోతే 50 వేల డాలర్లకు పాత జట్టుకే తిరిగి ఇవ్వజూపాలి. గాయాల జాబితాలో దాచేద్దామన్నా కుదరదు: కనీసం 90 రోజులు మ్యాచ్‌లకు అందుబాటులో ఉండే 26 మంది జట్టులో ఉండి తీరాలి, తక్కువైతే షరతు మరుసటి ఏడాదికి సాగుతుంది.

అందుకే ఈ పందెం 2024లో 121 మ్యాచ్‌లు ఓడిన జట్టుకే తగినది. టైటిల్ కోసం పోరాడే జట్టు తడబడే కుర్రాడి కోసం ఏడాది పొడవునా ఒక స్థానం వదులుకోలేదు. స్మిత్ 2025లోనే ఆల్-స్టార్ (లీగ్ మేటి ఆటగాళ్ల మ్యాచ్‌కు ఎంపిక) అయ్యాడు. అతన్ని మేజర్ లీగ్ జట్టులోనే ఉంచిన యాజమాన్యం నిర్ణయమే సరైనది, నా విమర్శను వెనక్కి తీసుకుంటున్నాను.