సిస్టర్ అంటే ముగ్గురం తిరిగాం

ఫిమేల్ మెడికల్ వార్డులో అది నా మొదటి రోజు. ఏడో నంబరు మంచం మీది ముసలమ్మ "సిస్టరమ్మా!" అని కేకేసింది. ముగ్గురం ఒకేసారి తిరిగాం. ఒకరు మెళ్లో సిలువ వేసుకున్న నర్సింగ్ సూపరింటెండెంట్ గారు. కన్యస్త్రీ కాబట్టి సిస్టర్. రెండోవారు వార్డు ఇన్‌ఛార్జి. నర్సు కాబట్టి సిస్టర్. మూడోదాన్ని నేను. ఫస్టియర్ కాబట్టి ఇంకా ఏమీ కాను, కానీ యూనిఫాం ఉంది కాబట్టి సిస్టర్‌నే. సూపరింటెండెంట్ సిస్టర్ ఇన్‌ఛార్జి సిస్టర్ వంక చూశారు. ఇన్‌ఛార్జి సిస్టర్ నా వంక చూశారు. నేను వెనక్కి చూశాను. వెనక గోడ ఉంది. బెడ్‌పాన్ తీసుకుని వెళ్లాను.

నర్సింగ్ శాస్త్రంలో మొదటి సూత్రం అదే. పిలుపు ఎవరికి వచ్చినా పని పల్లానికే పారుతుంది. ఇది పుస్తకంలో లేదు, కానీ నాలుగేళ్లలో దీని మీద పరీక్ష జరగని రోజు లేదు.

ఆర్సీఎం, అంటే రోమన్ క్యాథలిక్ మిషన్ వాళ్ల నర్సింగ్ కాలేజీల్లో కట్టుబాట్లు మరీ ఎక్కువని, పిల్లల్ని బడిపిల్లల్లా చూస్తారని ఈమధ్య కొందరు విమర్శిస్తున్నారు. అలాంటి కాలేజీలోనే బీఎస్సీ చదివి, నోరు మూసుకుని బయటికొచ్చిన దానిగా వారికి జవాబు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అసలు ఇంత ఆప్యాయత ఏ ఇంజనీరింగ్ కాలేజీలో ఉంది? మా దగ్గర సిస్టర్లందరికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్ గారు మదర్. చాపెల్‌కు పూజ చెయ్యడానికి వచ్చేవారు ఫాదర్. ఇంజెక్షన్ చేసే అబ్బాయి బ్రదర్. మిగతా అందరూ సిస్టర్లు. ఇంత పెద్ద ఉమ్మడి కుటుంబంలో కోడలి చాకిరీ చెయ్యడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. అందుకే బీఎస్సీ నర్సింగ్ పెట్టారు.

ఆ కాలేజీని ఎంచుకున్నది మా నాన్న. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, ఆసుపత్రికి ఎన్ని పడకలు, లైబ్రరీ ఎలా ఉంది, ఇలాంటి చిల్లర ప్రశ్నలు ఆయన వేసుకోలేదు. స్కూటర్ మీద కాలేజీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. గోడ ఎత్తు చూశాడు. గోడ మీద నాటిన గాజు పెంకులు చూశాడు. "చదువు బాగా చెప్తారనుకుంటా" అన్నాడు.

అడ్మిషన్ రోజున మా అమ్మ తిరుపతి లడ్డు తెచ్చి ప్రిన్సిపల్ సిస్టర్ టేబుల్ మీద పెట్టింది. నాకు చెమటలు పట్టాయి. ఆవిడ రెండు చేతులా అందుకుని, చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, మిగతాది అటెండర్‌కిచ్చి అందరికీ పంచమన్నారు. "మతం గురించి మీరేం భయపడకండమ్మా. ఇక్కడ ఉండేది డిసిప్లిన్ ఒక్కటే" అన్నారు. అక్షరాలా నిజం. నాలుగేళ్లలో నన్నెవరూ మతం మారమనలేదు, ఆ లడ్డు రుచిని ఆవిడ మా ఫేర్‌వెల్ దాకా తలుచుకున్నారు. అయితే డిసిప్లిన్ కూడా ఒక మతమేనని, ఉన్నవాటిలో అదే కఠినమైనదని మాకు తర్వాత తెలిసింది. చాపెల్‌లో పాపసంకీర్తనం చేస్తే ఎంత పాపమైనా పోతుందట. రికార్డు బుక్కుకు బ్రౌన్ అట్ట వెయ్యకపోతే ఆ పాపానికి మాత్రం నిష్కృతి లేదు.

ఐదింటికి గంట. ఐదుంబావుకి దుప్పటి మడత. ఆరున్నరకి జడ ముడి వేసి, వల బిగించి, పదిహేను పిన్నులు గుచ్చి వరుసలో నిలబడాలి. వెంట్రుక బయటికి వచ్చిందా, బ్యాక్టీరియా వచ్చినట్టే. మైక్రోబయాలజీ మేడమ్‌కు బ్యాక్టీరియాను చూపించడానికి మైక్రోస్కోపు, స్లైడు, రంగు, ఒక పూట టైమూ కావాల్సి వచ్చేవి. వార్డెన్ సిస్టర్ ఏ పరికరమూ లేకుండా ఇరవై అడుగుల దూరం నుంచి మా చెవుల పక్కన కనిపెట్టేవారు. విజ్ఞానశాస్త్రం ఆవిడకు తగిన గుర్తింపు ఇవ్వలేదు.

చదువు విషయానికొస్తే, ముందు మంచం. మంచం మీద దుప్పటి పరిచి, మూలను నలభై అయిదు డిగ్రీలకు మడిచి, పరుపు కిందికి తోస్తే దాన్ని మైటర్డ్ కార్నర్ అంటారు. బిషప్ గారు పూజప్పుడు తలకు పెట్టుకునే కోసు టోపీ పేరు కూడా మైటరే. ఆ మూల సరిగ్గా రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. బిషప్ కావడానికి ఇంతకంటే తక్కువే కష్టపడి ఉంటారని అప్పట్లో అనిపించేది. ఆ విద్య చేతబట్టుకుని ప్రభుత్వాసుపత్రికి పోస్టింగ్‌కి వెళ్లాం. అక్కడ మంచానికి ఇద్దరు రోగులు, మంచం కింద ఇద్దరు చుట్టాలు. పరుపు మీద రెగ్జిన్ చిరిగిపోయి పీచు కనబడుతోంది. దుప్పటి ఎవరింటి నుంచి వాళ్లే తెచ్చుకున్నారు, అది కప్పుకున్నారు. "మైటర్ ఎక్కడ వెయ్యమంటారు మేడమ్?" అని మా బ్యాచ్ అమ్మాయి అడిగింది. మేడమ్ కాసేపు ఆలోచించి, "రికార్డులో వెయ్యి" అన్నారు.

రికార్డు అంటే గుర్తొచ్చింది. రోగం ఏమిటో డాక్టరు చెబుతాడు. రోగికి ఏమనిపిస్తోందో నర్సు రాయాలి. దీన్ని నర్సింగ్ డయాగ్నసిస్ అంటారు. మామూలు మనిషి "కడుపు నొప్పి" అంటాడు. మేం దాన్ని నేరుగా నమ్మం. "ఆపరేషన్ గాయం కారణంగా సౌఖ్యానికి భంగం, దానికి ఆధారం నొప్పిగా ఉందని రోగి స్వయంగా చెప్పడం" అని నీలం ఇంకుతో రాసి, ఎర్ర ఇంకుతో గీత కొట్టి, లక్ష్యం, ప్రణాళిక, అమలు, ఫలితం అని గడులు గీస్తాం. ఒక మధ్యాహ్నం పదకొండో మంచం పక్క స్టూలు మీద కూర్చుని "శరీరంలో నీరు తగ్గే ప్రమాదం" అని రాస్తున్నాను. ఆ మంచం మీది తాత, "అమ్మా, కాసిని మంచినీళ్లు" అన్నాడు. "ఒక్క నిమిషం తాతా, నీ గురించే రాస్తున్నా" అన్నాను. లక్ష్యం గడి నింపాను. ప్రణాళిక గడిలో "తరచూ నీళ్లు తాగించాలి" అని రాశాను. తల ఎత్తి చూస్తే పక్క మంచం వాళ్లమ్మాయి తాతకు చెంబుతో నీళ్లు పట్టిస్తోంది. ఫలితం గడిలో "లక్ష్యం నెరవేరింది" అని రాశాను. ఆ కేర్ ప్లాన్‌కు పదికి తొమ్మిది వచ్చాయి. ఆ ఒక్క మార్కు గీత వంకర పోయినందుకు తీశారు.

ఇక దీపం. ఫస్టియర్‌లో మాకు ల్యాంప్ లైటింగ్ చేశారు. హాల్లో లైట్లు ఆర్పేసి, తలా ఒక దీపం పట్టుకుని, రాత్రిళ్లు దీపంతో రోగుల్ని చూసుకున్న ఆంగ్లేయ నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట ప్రమాణం చదివాం. అమ్మలు ఏడ్చారు, ఫోటోగ్రాఫర్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆ ప్రమాణాన్ని నైటింగేల్ రాయలేదు. 1893లో అమెరికాలో డెట్రాయిట్‌లోని ఒక నర్సింగ్ స్కూలు వాళ్లు రాసి ఆవిడ పేరు పెట్టారు. అందులో జీవితాంతం పవిత్రంగా ఉంటానని ఉంది. డాక్టరు గారి పనికి విశ్వాసంగా తోడుంటానని ఉంది. డాక్టరు గారు తిరిగి ఏమైనా ప్రమాణం చేస్తారేమో అని ఆ సాయంత్రం కాసేపు ఎదురుచూశాను. ముఖ్య అతిథి ఆయనే. రెండో వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు.

నైటింగేల్ క్యాథలిక్ కాదు. అయినా మా కారిడార్‌లో ఆవిడ పటం మరియమాత పటం పక్కనే ఉండేది, రెండింటికీ ఒకే రకం ప్లాస్టిక్ దండ. పాపం అందులో అన్యాయమేం లేదు. 1854లో ఆవిడ వెంట క్రిమియా యుద్ధానికి వెళ్లిన 38 మంది నర్సుల్లో పదిమంది క్యాథలిక్ సిస్టర్లే. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి పరీక్షలో "సెయింట్ ఫ్లోరెన్స్" అని రాసేసింది. పేపరు దిద్దిన సిస్టర్ కొట్టివెయ్యలేదు, పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.

నేను చెప్పొచ్చేది ఏమిటంటే, ఆవిడ చేతిలో దీపం ఎంతుందో లెక్కల పుస్తకం కూడా అంతే ఉంది. ఎంతమంది సైనికులు గాయాలతో పోయారు, ఎంతమంది ఆసుపత్రి మురికికి పోయారు అని లెక్కగట్టి, రంగుల బొమ్మలు గీసి, ప్రభుత్వం ముఖాన పెట్టింది. లండన్ గణాంక సంఘం 1858లో ఆవిడను సభ్యురాలిగా తీసుకుంది, ఆడవాళ్లలో ఆవిడే మొదటిది. ఆవిడ పెద్దల్ని ఎంత విసిగించిందో చదివితే మా వార్డెన్ సిస్టర్ గేటు బయటే నిలబెట్టేవారు. మన పెద్దలు ముందుచూపు గలవాళ్లు. దీపం మాకిచ్చారు. లెక్కలు పక్కన పెట్టారు. లెక్కలు వస్తే ఏమవుతుంది? మామూలు వార్డులో ఐదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలని, బోధనాసుపత్రిలో అయితే ముగ్గురికి ఒకరని నర్సింగ్ కౌన్సిల్ నియమం ఉన్నట్టు గుర్తొస్తుంది. నైట్ డ్యూటీలో ఇరవై ఆరు మంచాల మధ్య ఒంటరిగా నిలబడ్డప్పుడు ఇరవై ఆరును ఐదుతో భాగించాలనిపిస్తుంది. దీపం పట్టుకున్న చేత్తో భాగహారం చెయ్యలేం.

వెటకారం పక్కనపెట్టి ఒక మాట. గుంటూరులో జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) అనే కన్యస్త్రీల సభ వారి ఆసుపత్రి కథ తెలిసినవాళ్లు ఆ సంస్థల్ని తేలిగ్గా మాట్లాడలేరు. మేరీ గ్లౌరీ అని ఆస్ట్రేలియా డాక్టరమ్మ, మెల్‌బోర్న్‌లో మంచి ప్రాక్టీసు వదులుకుని 1920లో గుంటూరు వచ్చి, కన్యస్త్రీ అయి, పోపు గారి ప్రత్యేక అనుమతితో వైద్యం చేసింది. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం పెట్టింది కూడా ఆవిడే. ఆ అనుమతి ఎందుకంటే, కన్యస్త్రీలు వైద్యం చెయ్యడం, ముఖ్యంగా పురుళ్లు పొయ్యడం రోమ్‌కు ఇష్టం ఉండేది కాదు. ఆలోచించి ఆలోచించి 1936లో సరేనన్నారు. శతాబ్దాలు ఆలోచించిన ఆ పని మా మిడ్‌వైఫరీ మేడమ్ శనివారం సాయంత్రానికల్లా రికార్డుతో సహా పూర్తి చెయ్యమన్నారు.

అలాంటి సిస్టర్లు మూడు వ్రతాలు పడతారు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత. ఏళ్ల తరబడి ఆలోచించుకుని, బలిపీఠం ముందు నలుగురి ఎదుట ఒప్పుకుని పడతారు. బదులుగా వాళ్ల కన్యస్త్రీల సభ వాళ్లకు తిండి పెడుతుంది, ముసలితనంలో చూసుకుంటుంది. మా కోర్సు గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఏ వ్రతమూ పట్టించకుండానే, మమ్మల్ని అడగకుండానే, మూడూ మాకు సంక్రమింపజేస్తుంది. బ్రహ్మచర్యం హాస్టల్ గోడ చూసుకుంటుంది. విధేయత ఐదింటి గంట చూసుకుంటుంది. పేదరికం మాత్రం కాలేజీ వాళ్ల చేతిలో లేదు. అది ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఇవ్వాలి.

ఇచ్చారు కూడా. డిగ్రీ అయ్యాక నేను చేరింది ఒక కార్పొరేట్ ఆసుపత్రి. అద్దాల తలుపులు, లోపల కాఫీ షాపు, రెండొందల పడకల పైమాటే. ఇంటర్వ్యూలో హెచ్చార్ సారు నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ప్రేమగా సర్ది, తన బీరువాలో పెట్టి తాళం వేసి, అప్పుడు అడిగారు, "సేవాభావం ఉందా అమ్మా?"

"ఉంది సార్."

"అయితే పదకొండున్నర వేలు."

2016లో సుప్రీంకోర్టు చెబితే కేంద్రం వేసిన కమిటీ ఒకటి, యాభై పడకల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20,000 కంటే తగ్గకూడదని, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఆ సంగతి నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా పెద్దాయన, నేను నిలబడి ఉన్నాను, చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్లి కట్టుకున్నాయి, నోరు "థాంక్యూ సార్" అనేసింది. నాలుగేళ్ల శిక్షణ ఊరికే పోతుందా?

అందుకే ఈ విధానాన్ని నర్సులకే పరిమితం చెయ్యడం అన్యాయం అంటాను. సేవ అంత మంచిదైతే అందరికీ పంచాలి. ఆసుపత్రి ఎండీ గారికి కూడా ఏటా ఒకసారి లైట్లు ఆర్పి దీపం పట్టించాలి. కన్సల్టెంట్ల సర్టిఫికెట్లు కూడా అదే బీరువాలో పెట్టి, సేవాభావం ఉందో లేదో అడిగి, ఉందంటే ఫీజు సగం చెయ్యాలి. బిల్లింగ్ కౌంటర్ అబ్బాయికి కూడా ఈ మాట చెప్పి చూశాను. డిశ్చార్జి బిల్లులో సేవ అని ఒక లైను ఇప్పటికే ఉందక్కా, సర్వీస్ ఛార్జి అంటారు, పేషెంటు కడతాడు అన్నాడు.

మా జూనియర్ ఒకమ్మాయి ఇదంతా అర్థం చేసుకోలేక జర్మన్ నేర్చుకుంది. ఏడాదిపైనే పట్టింది, బీ టూ లెవెల్ భాషా పరీక్ష రెండోసారికి పాసై, ఇప్పుడు అక్కడొక జిల్లా ఆసుపత్రిలో చేస్తోంది. మొన్న వీడియో కాల్‌లో మాట్లాడింది. జర్మన్ భాషలో నర్సును ష్వెస్టర్ అంటారట, అంటే సిస్టరే. కాగితాల మీద ఆ మాట ఎప్పుడో తీసేశారు గానీ ముసలివాళ్ల నోట అదే వస్తుందట. నాకు గుండె నిండిపోయింది. ఎంత దూరం వెళ్లినా మన చుట్టరికం వదల్లేదు కదా అనుకున్నాను.

"అయితే ఒక ముసలావిడ ష్వెస్టర్ అని కేకేస్తే ఎంతమంది తిరుగుతారే?" అని అడిగాను.

"అందరం తిరుగుతామక్కా."

"మరి ఎవరు వెళ్తారు?"

"ఎవరి పేషెంటైతే వాళ్లు."

"నీకంటే జూనియర్ ఉన్నా?"

"జూనియర్ ఎందుకు వెళ్తుందక్కా, నా పేషెంటైతే?"

బొత్తిగా డిసిప్లిన్ లేని దేశం.