కెమెరా ఒక్కటే కేసు తేల్చలేదు
రాజీవ్ గాంధీ హత్య కేసు దర్యాప్తు చేసిన సీబీఐ అధికారి రగోత్తమన్ గురించి రాస్తూ ఒకరు, ఆ పేలుడులోనే చనిపోయిన ఫొటోగ్రాఫర్ హరిబాబు కెమెరా దొరకబట్టే కేసు తేలిందన్నారు. నేను ఒప్పుకోను. 1991 మే 21న శ్రీపెరంబుదూరులో జరిగిన పేలుడులో ఆ కెమెరా మిగలడం అదృష్టమే. కానీ అందులో ఉన్నవి పది ఫొటోలు. గంధపు దండ పట్టుకున్న అమ్మాయి ఎవరో, తెల్ల కుర్తా పైజమా మనిషి ఎవరో తిరిగి తిరిగి తేల్చింది మనుషులే. మా నాన్న కూడా పోలీసు శాఖలో, సీసీఎస్‌ (సెంట్రల్ క్రైమ్ స్టేషన్)లో చేసి రిటైరయ్యారు. ఏ అర్ధరాత్రో వచ్చినా బూట్లు గుమ్మం బయటే విప్పి, చప్పుడు కాకుండా మా దుప్పట్లు సర్ది, ఆ తర్వాతే అన్నం తినేవారు. అమ్మకు నైట్ డ్యూటీ పడితే పొద్దున్నే నాకు జడ వేసేదీ ఆయనే. 2021 మేలో రగోత్తమన్ కరోనాతో పోయారని టీవీలో విని, నాన్న చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.